స్కాపా ఫ్లో నుంచి, ఇంకా వణుకు తగ్గకుండానే

స్కూబా డైవింగ్‌లో నాకు ప్రమాదం జరిగిందని విని మెసేజ్‌లు పెట్టిన వాళ్లందరికీ ముందు ఒక్క మాట: నేను బాగానే ఉన్నాను. కుడి చేతి వేళ్లు ఇంకా మొద్దుబారే ఉన్నాయి, అచ్చుతప్పులుంటే సర్దుకోండి.

స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్నీ దీవుల మధ్య సముద్రం ఈ స్కాపా ఫ్లో. మొదటి ప్రపంచయుద్ధం ఆగాక 74 జర్మన్ యుద్ధనౌకల్ని ఇక్కడే నిర్బంధించారు. 1919 జూన్ 21న అడ్మిరల్ వాన్ రాయిటర్ ఆజ్ఞ ఇస్తే సొంత సిబ్బందే వాటిని ముంచేశారు. 52 మునిగాయి. చాలావాటిని తర్వాత పైకి తీసి తుక్కుకు అమ్మేశారు, పెద్దవి ఏడు మిగిలాయి. వాటిలో కోల్న్ అనే క్రూయిజర్‌ను చూడాలని నాకు ఎన్నాళ్ల నుంచో కోరిక. అది మునిగి వందేళ్లు దాటింది. బుధవారం దాని పక్కనే నేనూ మునగబోయాను.

నీళ్లు 8 డిగ్రీలు. 31 మీటర్ల లోతులో, సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ ఫ్రీ ఫ్లో అయింది. అంటే లోపల వాల్వ్ చలికి గడ్డకట్టి తెరుచుకుపోయింది, సిలిండర్‌లో గాలంతా బుడగలై పోతోంది. అంత లోతులో నిండు సిలిండర్ కూడా నిమిషాల్లో ఖాళీ. నా జంట డైవర్ టార్చ్ వెలుగు ఎక్కడో ముందుంది. క్లాసులో నేర్చుకున్నది ఒక్క ముక్క గుర్తుకు రాలేదు.

అప్పుడొచ్చారు ఆయన. వేరే జట్టు మనిషి. పొద్దున పడవలో ఒక నవ్వు తప్ప మా మధ్య మాటల్లేవు. తన స్పేర్ రెగ్యులేటర్ నా నోట్లో పెట్టి, నా జాకెట్ పట్టీ పట్టుకుని పైకి బయల్దేరారు. నీళ్లు చొరబడని డ్రైసూట్‌లో గాలి ఉబ్బి నన్ను పైకి లాగేస్తుంటే నా భుజం మీది వాల్వ్ ఆయనే తెరిచారు. ఒంట్లో చేరిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోయేందుకు 6 మీటర్ల దగ్గర ఆగాం. ఆ మూడు నిమిషాలూ నేను ఊపిరి వదిలిన ప్రతిసారీ బొటనవేలితో నా అరచేతిని నొక్కుతూనే ఉన్నారు. లెక్కపెడుతున్నారని చాలాసేపటికి గానీ అర్థం కాలేదు.

డెక్ మీద నాకు ఆక్సిజన్ పెట్టారు. ఆయన నా గ్లవ్స్ లాగేసి, వేళ్లు తన అరచేతుల మధ్య పెట్టుకుని, "పట్టీ మరీ గట్టిగా పట్టుకున్నాను, నొప్పి పుట్టిందా?" అని అడిగారు. అంతే, మాస్క్‌లోనే భోరుమన్నాను.

అది ఆయన ఆఖరి డైవ్ అట. గుండె గురించి డాక్టర్ ఇక చాలన్నారట. సాయంత్రం పడవ కుర్రాడు చెబితే తెలిసింది. కోల్న్ దగ్గర ఆయన గడిపింది ఆరు నిమిషాలు. సిగ్గుతో ఆ మాట ఎత్తితే, "అది ఎక్కడికీ పోదులే" అన్నారు. ఇంగ్లిష్‌లో ఎన్నిసార్లు థాంక్స్ చెప్పినా నాకు తీరలేదు. అందుకే ఆయనకు తెలియని భాషలో ఇక్కడ చెప్పుకుంటున్నాను: అయ్యా, మీ రుణం తీరేది కాదు.

రెగ్యులేటర్ అద్దెకిచ్చిన షాపు వాళ్లేమో "మీరే సరిగ్గా వాడలేదు" అంటున్నారు. సర్వీస్ కార్డు చూపించమంటే మాత్రం చప్పుడు లేదు. ఇన్సూరెన్స్ వాళ్లు ఇంకా ఘనం. పాలసీ 30 మీటర్ల వరకేనట, లోతు నమోదు చేసే నా డైవ్ కంప్యూటర్‌లో 31.2 ఉంది. ఆ 1.2 మీటర్ల మీద నలభై నిమిషాలు ఫోన్‌లో విచారణ! దీనివల్ల దండగైన మూడు రోజుల డైవింగ్ డబ్బు సంగతి ఇక మర్చిపోవడమే.

మా ఆయన, అమ్మ, చెల్లి రాత్రంతా ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. వాళ్లకు ఇంటికొచ్చి చెబుతా.

అయ్యో, స్కిప్పర్‌ను మర్చిపోయా. డాక్టర్‌కు ఫోన్ చేసింది, స్ట్రామ్‌నెస్ రేవులో కారు సిద్ధంగా ఉంచింది ఆయనే. సూప్ తాగించిన వంటామెకు కూడా థాంక్స్. ఇంకా, నన్ను కాపాడిన పెద్దాయనకు జంటగా దిగిన అమ్మాయి, తన డైవ్ కూడా వదులుకుని మా వెనకే పైకొచ్చింది. ఇది పైన రాయాల్సింది.

నా తల మీద ఎవరో నీలం ఊలు టోపీ పెట్టారు. ఎవరిదో ఇంకా తెలియలేదు. స్కిప్పర్ దగ్గర ఇచ్చి వెళ్తున్నాను.