మ్యాక్రో ఒక్కచోటే ఉండాలి

సంపాదకులకు,

స్టాటిస్టికల్ ప్రోగ్రామింగ్ బృందాల్లో ఒకే మ్యాక్రో (పేరుతో పిలిచి మళ్లీమళ్లీ వాడుకునే కోడ్ ముక్క) పది ఫోల్డర్లలో పది రకాలుగా తిరుగుతుంటుంది. ఒకచోట తప్పు దిద్దితే అది మిగతా తొమ్మిదింటికి చేరదు. మందుల పరీక్షల ఫలితాల పట్టికలు ఇలాంటి కోడ్‌తోనే తయారవుతాయి కాబట్టి ఇది ప్రోగ్రామర్ల సొంత గొడవ అనుకోవడానికి లేదు. అందరి మ్యాక్రోలనూ ఒకే ఫోల్డర్‌లో ఉంచే ఉమ్మడి లైబ్రరీకి విడిగా సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు, ఈ కోడ్ రాసే సాస్ (SAS) సాఫ్ట్‌వేర్‌లోనే ఆటోకాల్ సదుపాయం, అంటే మ్యాక్రోను పేరుతో పిలవగానే ఫోల్డర్‌లోంచి వెతికి తెచ్చే ఏర్పాటు, ఎప్పటినుంచో ఉంది.

ఒక ఫైల్‌లో ఒకే మ్యాక్రో పెట్టాలి, రెండింటికీ ఒకే పేరుండాలి. లినక్స్‌లో ఫైల్ పేరంతా చిన్న అక్షరాల్లోనే ఉండాలి. ఒక్క పెద్దక్షరం పడినా సాస్‌కు ఆ మ్యాక్రో దొరకదు. ఫోల్డర్ దారిని, మ్యాక్రోలను ఎక్కడ వెతకాలో చెప్పే సాస్‌ఆటోస్ ఆప్షన్‌లో ఇస్తూ చాలామంది సొంత దారి ఒక్కటే రాస్తారు. దాంతో సాస్‌తో వచ్చే ట్రిమ్, లెఫ్ట్, లోకేస్ మ్యాక్రోలు పనిచేయడం మానేస్తాయి. సొంత దారి పక్కనే, అదే బ్రాకెట్‌లో, సాస్‌ఆటోస్ అన్న పేరూ ఉండాలి.

అన్నిటికన్నా ప్రమాదం లోకల్ స్టేట్‌మెంట్ (వేరియబుల్ ఆ మ్యాక్రోకే పరిమితం అని చెప్పే వాక్యం) మరిచిపోవడం. మీ ప్రోగ్రామ్‌లోని మ్యాక్రో 'ఐ' అనే వేరియబుల్‌తో 1 నుంచి 10 దాకా లూప్ తిప్పుతూ, ప్రతిసారీ లైబ్రరీ మ్యాక్రోను పిలుస్తోందనుకోండి. ఆ లైబ్రరీ మ్యాక్రో కూడా లోకల్ అని ప్రకటించకుండా 'ఐ'నే వాడి 1 నుంచి 3 దాకా తిరిగితే, బయటికొచ్చేసరికి 'ఐ' విలువ 4. మీ లూప్ దాన్ని 5 చేస్తుంది, లోపలిది మళ్లీ 4కి తెస్తుంది. ఆ లూప్ ఇక ఆగదు. మీది 1 నుంచి 4 దాకా అయితే మరీ ఘోరం: ఒక్కసారే తిరిగి, లాగ్‌లో (ప్రోగ్రామ్ నడిచిన తీరు నమోదయ్యే చోట) ఎర్రర్ ఏదీ లేకుండా ముగుస్తుంది. లూప్ తిరిగే ప్రతిసారీ ఒక గ్రూపు ఫలితాలు రావాల్సి ఉంటే, మూడు గ్రూపుల ఫలితాలు గల్లంతైనా పట్టించేవారుండరు. అందుకే లోపల వాడే ప్రతి వేరియబుల్‌నూ లోకల్‌గా ప్రకటించని మ్యాక్రోను లైబ్రరీలోకి రానివ్వకూడదు.

ఫైల్‌ను మార్చి అదే సెషన్‌లో నడిపితే పాత మ్యాక్రోయే నడుస్తుంది. ఒకసారి కంపైలైన కాపీ, సెషన్ ముగిసేదాకా ఉండే 'వర్క్' అనే తాత్కాలిక లైబ్రరీలో ఉండిపోవడమే కారణం. కొత్త సెషన్ తెరవాలి, లేదా ఆ ఫైల్‌ను ఇన్‌క్లూడ్ స్టేట్‌మెంట్‌తో మళ్లీ చదివించాలి. ఏ ఫోల్డర్‌లోని మ్యాక్రో నడిచిందో లాగ్‌లో కనిపించాలంటే ఎంఆటోలాక్‌డిస్‌ప్లే ఆప్షన్ పెట్టుకోవాలి.

లైబ్రరీ ఫోల్డర్‌లో రాసే అనుమతి ఒకరిద్దరికే ఇచ్చి, మిగతావారికి చదివే అనుమతి ఉంచితే చాలు. ప్రతి విడుదలకూ వేరే వెర్షన్ ఫోల్డర్ ఉండాలి. నడుస్తున్న స్టడీ (మందు పరీక్ష) తాను మొదలుపెట్టిన వెర్షన్‌నే వాడాలి. ప్రతి మ్యాక్రోకూ ఒక చిన్న ఇన్‌పుట్ డేటాసెట్, రావాల్సిన ఫలితం పక్కనే ఉంచి, మార్పు జరిగినప్పుడల్లా రెండు డేటాసెట్లలో తేడాలు చూపే ప్రాక్ కంపేర్‌తో పోల్చాలి. ఆ పోలిక ఫలితాన్ని చెప్పే సిస్‌ఇన్ఫో వేరియబుల్ విలువ 0 వస్తేనే రెండూ సరిపోలినట్టు. ఆ విలువను వెంటనే వేరే వేరియబుల్‌లో దాచుకోవాలి, తర్వాతి స్టెప్ దాన్ని చెరిపేస్తుంది.

- ఒక స్టాటిస్టికల్ ప్రోగ్రామర్