స్వచ్ఛంద సంస్థలకు తోడుండేవాళ్ల జీతాలపై అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గ్రాంటుల విభాగం అధికారి గారికి,

నమస్కారం. మీ కార్యాలయానికి పంపిన వినతిపత్రాలకు జవాబు రాకపోవడంతో నలుగురి ముందూ ఇలా రాయాల్సి వస్తోంది.

చిన్న స్వచ్ఛంద సంస్థలకు తోడుండడమే మా పని. వాళ్ల రిజిస్ట్రేషన్ కాగితాలు, ఆడిట్ లెక్కలు, గ్రాంటు దరఖాస్తులు, వాలంటీర్ల శిక్షణ దగ్గరుండి చూస్తాం. ఇది బయటికి కనపడని పని. కానీ ఒక వృద్ధుల కేంద్రం ఆడిట్ సకాలంలో పూర్తి కాకపోతే దానికి తర్వాతి విడత డబ్బు రాదు, అక్కడివాళ్లకు పూట గడవడం కష్టమవుతుంది.

ఇంత బాధ్యత మోసేవాళ్లవి ఏడాది కాంట్రాక్టులు. ఆర్థిక సంవత్సరం చివరికొస్తుంటే ఉద్యోగం ఉంటుందో లేదో అన్న టెన్షన్ మొదలవుతుంది. మా జీతాలకు ఆధారమైన, మీ విభాగం మంజూరు చేసిన గ్రాంటు కూడా నెలల తరబడి ఆలస్యం. ఈలోగా మా జీతాలు ఆగుతాయి, ఇంటి అద్దెలు ఆగవు. అనుభవమున్న మా అకౌంటెంటు ఇల్లు గడవక వెళ్లిపోయారు. ఆయన్ని తప్పుపట్టలేం. ఆయన్ని నమ్ముకున్న సంఘాల లెక్కలు మాత్రం మళ్లీ మొదటికొచ్చాయి.

ఆగిన విడతను వెంటనే విడుదల చేయండి. ఇకపై గ్రాంటును కనీసం 3 ఏళ్లకు మంజూరు చేసి, అందులో జీతాలు, ఆఫీసు ఖర్చులు కూడా చేర్చండి. విడుదల తేదీని ఈ నెలాఖరులోగా రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాం.

ఇట్లు,
సహోద్యోగుల తరఫున ఒక ఉద్యోగి