షుగర్ ఉన్న పిల్లల గురించి ఒక మాట

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

నవంబర్ 14న మన బళ్లో బాలల దినోత్సవం జరుపుకుంటాం. ప్రపంచ మధుమేహ దినోత్సవం కూడా ఆ రోజే. రక్తంలో షుగర్‌ను అదుపులో ఉంచే ఇన్సులిన్‌ను కనుగొన్నవారిలో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ 1891లో ఆ తేదీనే పుట్టారు. ఈ నెల లేఖలో పరీక్షల సంగతి పక్కనబెట్టి షుగర్ గురించే రాస్తున్నాను.

షుగర్ అనగానే మనకు తాతయ్యలు, అమ్మమ్మలు గుర్తొస్తారు. పిల్లలకూ వస్తుంది. పిల్లల్లో ఎక్కువగా కనబడేది టైప్ 1. శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే పొరపాటున క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది. స్వీట్లు ఎక్కువ తిన్నందుకు వచ్చేది కాదు, తల్లి పెంపకంలో లోపమూ కాదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. దయచేసి ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చెప్పండి. బిడ్డకు జబ్బు వచ్చిన బాధ చాలదన్నట్టు, చుట్టాల మాటలు పడే తల్లులను చూస్తే నాకు చాలా కష్టంగా ఉంటుంది.

వందేళ్ల క్రితం ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవారు కాదు. తిండి బాగా తగ్గించి, కొన్ని నెలలు ప్రాణం నిలపడమే అప్పటి వైద్యం. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి తొలిసారి ఇన్సులిన్ ఎక్కించారు. అప్పటికి ఆ అబ్బాయి 30 కిలోల బరువు కూడా లేడు. మొదటి సూది సరిగా పనిచేయలేదు. మందును ఇంకా శుద్ధి చేసి కొద్ది రోజులకు మళ్లీ ఇస్తే కోలుకున్నాడు, మరో 13 ఏళ్లు బతికాడు. ఆ మందు పేటెంటును కనుగొన్నవాళ్లు టొరంటో విశ్వవిద్యాలయానికి ఒక్కొక్క డాలరుకే ఇచ్చేశారు. అయినా ప్రపంచంలో చాలా పేద దేశాల్లో ఇన్సులిన్ ఇవాళ్టికీ అందరికీ అందడం లేదు. మన దగ్గర దొరుకుతోంది కాబట్టి, దాన్ని మధ్యలో ఆపి ఆకు పసర్లు తాగించే పని మాత్రం చేయకండి. టైప్ 1 ఉన్న బిడ్డకు ఇన్సులిన్ ఆపితే ప్రాణం మీదికొస్తుంది.

గమనించాల్సినవి చెబుతాను. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రానికి వెళ్లడం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, బాగా తింటున్నా చిక్కిపోవడం, ఎప్పుడూ నీరసం. ఇవి కనబడితే వారం చూద్దాంలే అనుకోవద్దు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించండి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కూడా తోడైతే నేరుగా పెద్దాసుపత్రికే వెళ్లండి.

మన బళ్లో షుగర్ ఉన్న పిల్లలు క్లాసులోనే రక్తంలో షుగర్ ఎంతుందో చూసుకోవచ్చు, ఆకలేస్తే పాఠం మధ్యలో తినొచ్చు, బాత్రూంకి అడగకుండా వెళ్లొచ్చు. ఇన్సులిన్ ఆఫీసులోని ఫ్రిజ్‌లో పెడతాం. చెమటలు, వణుకు, కారణం లేని చిరాకు కనబడితే షుగర్ పడిపోయిందేమోనని అనుమానించి, గ్లూకోజ్ గానీ మూడు చెంచాల పంచదార కలిపిన నీళ్లు గానీ ఇచ్చి 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలని టీచర్లందరికీ చెప్పాం. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో షుగర్ మందులు వాడే పెద్దవాళ్లకూ ఈ జాగ్రత్త పనికొస్తుంది.

ఇక పెద్దవాళ్లలో ఎక్కువగా కనబడే రకం, టైప్ 2. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో చెప్పిన లెక్క ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది, మరో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారు. అంచున ఉన్నవాళ్లు తిండి మార్చుకుని, రోజూ నడిచి, బరువు తగ్గితే జబ్బును చాలావరకు ఆపొచ్చు. ఈ అలవాట్లు చిన్నప్పుడే పడాలి. 250 మిల్లీలీటర్ల కోలా సీసాలో దాదాపు ఆరు చెంచాల పంచదార ఉంటుంది. లంచ్ బాక్సుతో పాటు కూల్‌డ్రింక్ పంపొద్దని అందుకే అడుగుతున్నాను. పుట్టినరోజుకి చాక్లెట్ల బదులు జామకాయలో, పల్లీలో పంచండి, లేదా క్లాసు లైబ్రరీకి ఒక పుస్తకం ఇవ్వండి.

పదో తరగతికి ఆటల పీరియడ్ తీసేసి లెక్కలు చెప్పమని కొందరు అడుగుతున్నారు. క్షమించండి, తీయను. ఈ వయసు పిల్లలకు రోజుకి సగటున గంటసేపు ఆటో, వ్యాయామమో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనం ఇస్తున్నది ఆ గంటకే సరిపోవడం లేదు.

ఈ లేఖతో ఒక ఆరోగ్య ఫారం పంపుతున్నాం. బిడ్డకు షుగర్ ఉన్నా, మరే జబ్బున్నా దాచకుండా రాయండి. పెళ్లి సంబంధాల దాకా ఆలోచించి ఆడపిల్లల విషయంలో దాచేవాళ్లున్నారని నాకు తెలుసు. ఆ వివరాలు నాకు, క్లాస్ టీచర్‌కి, పీఈటీ సారుకి తప్ప ఎవరికీ తెలియనివ్వం. పరీక్ష హాల్లోకి గ్లూకోజ్, చిరుతిండి తీసుకెళ్లాల్సిన పిల్లలుంటే డాక్టర్ చీటీ జతచేయండి, అనుమతి కోసం ముందుగానే రాస్తాను. ఫారం నింపడం కష్టమైతే బడికి రండి, పక్కన కూర్చుని నేనే రాసిపెడతాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు