అంగారకుడి నల్ల చారలు: సవరణకూ చోటు కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. అంగారకుడి మీద నీరు కనిపించిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ మన దినపత్రికలు దానికి మొదటి పేజీలో చోటిస్తున్నాయి. అందుకు సంతోషమే. అయితే అవే ఆధారాలను శాస్త్రజ్ఞులు కొన్నేళ్ల తరువాత మళ్లీ పరిశీలించి వేరొక నిర్ణయానికి వచ్చినప్పుడు, ఆ సంగతికి లోపలి పేజీల్లో కూడా తగిన చోటు దొరకడం లేదు. అందువల్ల ఎప్పుడో చదివిన మొదటి శీర్షికే పాఠకుడి మనసులో తిరుగులేని సత్యంగా నిలిచిపోతోంది. చాలాకాలం భూగర్భశాస్త్రం బోధించినవాడిగా ఇందుకు ఒక ఉదాహరణను వివరంగా మీ పాఠకుల ముందుంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అమెరికా వారి మార్స్ రికానసెన్స్ ఆర్బిటర్ 2006 నుంచి అంగారకుడి చుట్టూ తిరుగుతోంది. అందులోని హైరైజ్ కెమెరా నేల మీద సుమారు 30 సెంటీమీటర్ల మేరను ఒక్కొక్క చుక్కగా చూపగలదు. అరిజోనా విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువుతున్న రోజుల్లో లుజేంద్ర ఓఝా అనే నేపాల్ యువకుడు, ఒకే చోటును వేర్వేరు కాలాల్లో తీసిన చిత్రాలను పోల్చి చూస్తూ, నిటారైన వాలుల మీద సన్నని నల్లటి చారలను గుర్తించాడు. అవి వెచ్చని రుతువులో పుట్టి, రోజురోజుకూ కిందికి సాగి, చలి రాగానే వెలిసిపోయి, మరుసటి ఏడు మళ్లీ వస్తున్నాయి. ఆల్ఫ్రెడ్ మెక్‌ఎవెన్ నాయకత్వంలోని బృందం 2011లో ఈ విషయాన్ని ప్రచురించినప్పుడు, ఉప్పునీరు ఊరి కిందికి జారుతూ ఉండవచ్చునన్నది ఒక సూచన మాత్రమే. 2015 సెప్టెంబర్ 28న నాసా విలేకరుల సమావేశం పెట్టి, ఆ చారలున్న చోట్ల నీటిని పట్టి ఉంచుకునే పెర్‌క్లోరేట్ లవణాల జాడ, నేల నుంచి తిరిగివచ్చే కాంతిని విడదీసి చూసే వర్ణపటంలో కనిపించిందని ప్రకటించింది. మరునాడు ప్రపంచమంతటా వచ్చిన వార్తల సారం ఒక్కటే: అంగారకుడి మీద ఈనాటికీ నీరు పారుతోంది.

ఆ ఊహ నిరాధారమైనదని నేను అనడం లేదు. అంగారకుడి వాతావరణ పీడనం మన భూమి మీది పీడనంలో ఒక శాతం కూడా ఉండదు కనుక మంచినీరు అక్కడ ద్రవరూపంలో నిలవడం చాలా కష్టం. పెర్‌క్లోరేట్ కలిసిన నీరు మాత్రం సున్నా డిగ్రీలకు ఎంతో దిగువన కూడా గడ్డకట్టకుండా ఉండగలదు. ఆ లవణాలు అక్కడి మట్టిలో ఉన్నాయని 2008లోనే అక్కడ దిగిన ఫీనిక్స్ నౌక చూపించింది. అన్నీ ఒకదానికొకటి చక్కగా అతికినట్టే కనిపించాయి.

ఇక తరువాతి కథ. అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో అమెరికా భూగర్భ సర్వే సంస్థకు ఖగోళ భూగర్భశాస్త్ర కేంద్రం ఒకటి ఉంది. అక్కడి శాస్త్రజ్ఞుడు కాలిన్ డండాస్, ఆయన సహచరులు నీటి మాట పక్కనబెట్టి, ముందుగా వాలును కొలిచారు. ఒకే చోటును రెండు కోణాల నుంచి తీసిన హైరైజ్ చిత్రాలతో నేల ఎత్తుపల్లాల పటాలు తయారుచేసి, పది ప్రాంతాల్లో 151 చారలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నాయో పరిశీలించారు. దాదాపు అన్నీ 27 డిగ్రీలకు మించిన వాలు మీదే ఉన్నాయి. వాలు ఆ కోణానికి తగ్గగానే ఆగిపోతున్నాయి. కల్లంలో ధాన్యం రాశి పోసినప్పుడు గింజలు ఒక వాలు వరకే నిలిచి, అంతకు మించితే జారి, మళ్లీ ఆ వాలు దగ్గరే కుదురుకుంటాయి కదా, పొడి ఇసుక కూడా సరిగ్గా అలాగే ప్రవర్తిస్తుంది. పారేది నీరే అయితే వాలు తగ్గినంత మాత్రాన అన్నిచోట్లా అదే కోణం దగ్గర ఆగవలసిన అవసరం లేదు. ఇంకొంత దూరం పల్లానికి సాగి ఉండాలి. పొడవైన వాలు మీద పొడవైన చార, పొట్టి వాలు మీద పొట్టి చార కనిపించడం కూడా జారే ఇసుకకు సహజం. కొండ వాలు ఎంత పొడవో ఊట నీటికి తెలియదు కదా. ఈ వ్యాసం 2017 నవంబర్‌లో వచ్చింది. మరుసటి ఏడాది ఎలెన్ లీస్క్ అనే పరిశోధకురాలి బృందం, లవణాల జాడగా భావించిన వర్ణపట గీత కొన్నిచోట్ల పరికరం నుంచి వచ్చే దత్తాంశాలను శుద్ధిచేసే పద్ధతి వల్లనే పుట్టవచ్చునని చూపింది. 2018లో గ్రహమంతా కమ్మిన ధూళి తుఫాను తరువాత ఇలాంటి చారలు విపరీతంగా పెరిగాయి. నీటికన్నా ధూళికే వాటితో దగ్గరి సంబంధం ఉందనడానికి ఇది బలమైన సూచన.

నా దృష్టిలో ఈ పరిశోధనలోని గొప్పతనం ఆ కొలతలోనే ఉంది. ఎవరూ అక్కడికి వెళ్లలేదు, ఒక్క ఇసుక రేణువునైనా తాకలేదు. వాలు కోణాన్ని ఓపికగా కొలవడం ద్వారానే ఒక పెద్ద ప్రశ్న దిశ మారింది. అన్నీ తేలిపోయాయని కాదు. పొడి ఇసుకే అయితే చారలు వెచ్చని రుతువులోనే ఎందుకు పుడుతున్నాయి, చలికి ఎందుకు వెలిసిపోతున్నాయి అన్నవి ఇంకా చర్చలో ఉన్న ప్రశ్నలే. 2025 మే నెలలో వాలెంటిన్ బికెల్, అడోమాస్ వాలంటినాస్ అనే శాస్త్రజ్ఞులు 86 వేలకు పైగా ఉపగ్రహ చిత్రాలను కంప్యూటర్ చేత వెదికించి, సుమారు 5 లక్షల వాలు చారల పట్టికను రూపొందించారు. ఇవి ఓఝా చూసినవాటికన్నా పెద్దవి, ఏళ్ల తరబడి నిలిచేవి, వేరే కోవకు చెందినవి. వీటికి కూడా నీటితో సంబంధం కనిపించలేదు. గాలి, ధూళి ఎక్కువగా ఉన్న చోట్లే ఇవి పుడుతున్నాయని వారు తేల్చారు.

ఇది పండితుల మధ్య తగవు మాత్రమే అనుకోవడానికి వీలులేదు. నీరు ఉండే అవకాశమున్న చోటికి భూమి నుంచి వెళ్లే యంత్రాలు సూక్ష్మజీవులను మోసుకుపోకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలున్నాయి. అంగారకుడి నేల మీద తిరిగే క్యూరియాసిటీ రోవర్ ఎక్కుతున్న పర్వతం మీద కూడా అలాంటి చారలు ఉండవచ్చునన్న అనుమానం వచ్చినప్పుడు, వాటికి ఎంత దూరంలో మసలాలన్న చర్చ జరిగింది. చార తడిదా పొడిదా అన్నదాన్ని బట్టి రాబోయే నౌకలు దిగే చోటే మారిపోతుంది.

మరొక చిక్కు కూడా ఉంది. సవరణను సగం విన్నవారు అంగారకుడి మీద నీరే లేదట, అంతా వట్టిదేనట అంటున్నారు. ఇది మొదటి పొరపాటుకన్నా పెద్దది. వందల కోట్ల ఏళ్ల కిందట అక్కడ నదులు పారాయనడానికి ఆధారాలు దృఢంగా ఉన్నాయి. 2012లో గేల్ బిలంలో దిగిన కొద్ది వారాలకే క్యూరియాసిటీ ప్రవాహంలో దొర్లి నునుపెక్కిన గులకరాళ్ల శిలను చూసింది; 2021లో పర్సెవెరెన్స్ రోవర్ దిగిన జెజెరో బిలంలో పూర్వం ఒక నది సరస్సులో కలిసిన చోట ఏర్పడిన డెల్టా ఉంది. ఈ రాళ్లను చదివే పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. కడప జిల్లా గండికోట దగ్గరి క్వార్ట్జైట్ (ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన శిల) పలకల మీద నిలిచిపోయిన అలల గుర్తులను చూసి, వంద కోట్ల ఏళ్లకు పూర్వం అక్కడ లోతులేని సముద్రం ఉండేదని మన విద్యార్థులకు చెబుతాం. అంగారకుడి మీద కూడా చేస్తున్నది అదే. ఆ మాట మీ పత్రిక రాస్తే, సెలవుల్లో గండికోట చూడబోయే పిల్లలు లోయతోపాటు ఆ రాతి పలకలను కూడా వంగి చూస్తారు.

కనుక నా విన్నపం ఇది. గ్రహాల నేలల గురించిన వార్త వేసేటప్పుడు పరికరం చూసినదేమిటో, దాని నుంచి శాస్త్రజ్ఞులు ఊహించినదేమిటో విడివిడిగా రాయించండి. రెండు మూడేళ్ల తరువాత అదే విషయం మీద వచ్చిన పనిని వెదికి, పాత వార్త తేదీని కూడా చూపుతూ ప్రచురించండి. వారానికొకసారి వచ్చే విజ్ఞాన పేజీలో అరకాలమ్ ఇచ్చినా చాలు. మన విశ్వవిద్యాలయాల భూగర్భశాస్త్ర విభాగాల్లో ఇలాంటి వ్యాసాలను చదివి తెలుగులో వివరించగల అధ్యాపకులు ఉన్నారు; అడిగితే కాదనరు.

ఈ అలవాటు ఇప్పటి నుంచే చేసుకోవడం అవసరం. కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబర్‌లో ఆమోదించిన ఇస్రో శుక్రయాత్రను 2028లో ప్రయోగించాలన్నది లక్ష్యం. శుక్రుడి నేల దట్టమైన మేఘాల కింద దాగి ఉంటుంది కనుక రాడార్‌తో తప్ప కనిపించదు. శుక్రుడి చుట్టూ తిరిగిన నాసా మాగెల్లన్ నౌక 1991లో పంపిన రాడార్ చిత్రాలను తిరిగి పరిశీలించగా, మాట్ మాన్స్ అగ్నిపర్వతం దగ్గర ఒక బిలం ఎనిమిది నెలల్లో ఆకారం మార్చుకుందని 2023లో గానీ బయటపడలేదు. మన నౌక పంపే తొలి చిత్రాల మీద వెలువడే మొదటి మాట కూడా చివరి మాట కాబోదు. ప్రయోగం రోజున ఇచ్చే ప్రత్యేక అనుబంధంతో సరిపెట్టుకోకుండా, ఆ చిత్రాల మీద తరువాతి సంవత్సరాల్లో జరిగే పనిని అనుసరించడానికి ఒక విలేకరిని ఇప్పుడే నియమించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకుడు,
కడప