ఫొటో బదులు నడక

హనుమకొండ,
కార్తీక మాసం.

చిరంజీవి చిన్నకు అమ్మ దీవించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. మొన్న నువ్వు అడిగినదానికి ఫోనులో చెప్పబోతే మధ్యలోనే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావని ఈ ఉత్తరం రాస్తున్నాను. "యాభై దాటిన మనిషివి, మోకాళ్ల నొప్పులతో రామప్ప దాకా నడవడం ఎందుకు, క్యాన్సర్ పిల్లల దారిఖర్చులకు డబ్బే కావాలంటే నా చిన్నప్పటి దవాఖాన ఫొటో ఒకటి వాట్సాప్‌లో పెడితే ఒక్క రాత్రిలో వస్తాయి కదా" అన్నావు. సగం వేళాకోళానికే అన్నావని తెలుసు, కానీ మిగతా సగానికి జవాబు చెప్పాలి.

ఆ ఫొటో పెడితే డబ్బు వచ్చే మాట నిజమే. జుట్టు రాలిపోయి, స్టెరాయిడ్లకు మొహం ఉబ్బి, మూతికి మాస్కు కట్టుకున్న ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి చూసి ఎవరి మనసైనా కరుగుతుంది. అయితే ఆ మొహం నీది. పదో తరగతికి కొత్త బడిలో చేరిన రోజు, నీకు బ్లడ్ క్యాన్సర్ వచ్చి తగ్గిన సంగతి అక్కడ ఎవరికీ తెలియనివ్వవద్దని నా దగ్గర మాట తీసుకున్నావు. ఆ మాటకు గడువేమీ పెట్టలేదు కనుక అది ఇప్పటికీ నిలిచే ఉంది. అందుకే జనానికి చూపించడానికి నా ఒళ్లునే ఎంచుకున్నాను. కరపత్రం మీద నా పేరు, నేను నడిచే దూరం, డబ్బు చేరవలసిన సంస్థ ఖాతా మాత్రమే ఉంటాయి.

పిల్లవాడి పేరు దాచి చందా అడగడం నేను కొత్తగా కనిపెట్టిన పద్ధతేమీ కాదు. జబ్బు అణిగాక కూడా మాత్రలు సాగే మెయింటెనెన్స్ కాలంలో వారానికొకసారి నువ్వు మొహం చిట్లించుకుంటూ మింగిన మెథోట్రెక్సేట్ మాత్ర గుర్తుందా? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో నడిపించిన పరిశోధనల నుంచి వచ్చిన మందు అది. దానికంటే ముందు అక్కడే తయారైన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ల్యుకేమియా (బ్లడ్ క్యాన్సర్) ఉన్న పిల్లలకు ఇచ్చి, కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గుతుందని 1948లో లోకానికి తెలిపాడు. అదే ఏడాది ఆయన ఆసుపత్రిలో క్యాన్సర్‌తో ఉన్న పన్నెండేళ్ల పిల్లవాడి మాటలు రేడియోలో వినిపించి చందాలు అడిగితే, రెండు లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. శ్రోతలకు ఆ పిల్లవాణ్ణి "జిమ్మీ" అని మాత్రమే పరిచయం చేశారు. అసలు పేరు దాచిపెట్టారు, అది యాభై ఏళ్ల తర్వాత 1998లో గానీ బయటపడలేదు. ఆ నడుమ కాలమంతా అతను లారీలు నడుపుకుంటూ, పెళ్లాం పిల్లలతో మామూలు మనిషిగా బతికాడు. అంత డబ్బు రావడం కన్నా ఆ పేరు అన్నేళ్లు దాచగలగడమే నాకు గొప్పగా తోచింది.

కెనడాకు చెందిన టెర్రీ ఫాక్స్ సంగతి వేరు. ఎముక క్యాన్సర్‌కు కుడి కాలు పోగొట్టుకున్న ఆ కుర్రవాడు 1980లో కృత్రిమ కాలితో దేశానికి అడ్డంగా పరుగు మొదలుపెట్టి, జబ్బు ఊపిరితిత్తులకు పాకి ఆగిపోయేలోపు 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు వెళ్లాడు. తన కథ తనది కనుక తానే చెప్పుకున్నాడు. నీకు కూడా ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే మానెయ్యి. నీ తరఫున నేను మాత్రం చెప్పను.

ఆరోగ్యశ్రీ ఉండగా చందాలెందుకని కూడా అడిగావు. మందులు, చికిత్స హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పేదవాళ్లకు ఉచితంగానే అందుతాయి, అందులో సందేహం లేదు. కానీ మన జబ్బుకు చికిత్స రెండు, మూడేళ్లు నడుస్తుంది. నేను టీచరును కనుక సెలవు దొరికింది, జీతం ఆగలేదు. పక్క మంచం పిల్లవాడి తల్లి భూపాలపల్లి వైపు నుంచి వచ్చేది. పత్తి ఏరే రోజుల్లో ఒకసారి దవాఖానకు వస్తే రానూపోనూ చార్జీలు, బయట తిండి, గది అద్దె ఒక ఎత్తు, పోయిన కూలి ఇంకో ఎత్తు. మొదటి నెలల్లో భయం కొద్దీ అప్పుచేసైనా వస్తారు. మెయింటెనెన్స్‌కు వచ్చేసరికి పిల్లవాడికి జుట్టు మొలుస్తుంది, ఆకలి వేస్తుంది, బడికి పోతానంటాడు. ఇక తగ్గిపోయింది కదా అని చాలామంది సరిగ్గా అప్పుడే మానేస్తారు. మానేసినవాళ్లలో జబ్బు తిరగబెడితే రెండోసారి వైద్యం మరింత కష్టం. మేము పోగుచేసేది ఆ చార్జీల కోసం, ఆ గదుల కోసం, తారీకు దాటగానే ఇంటికి ఫోను చేసి "ఎందుకు రాలేదమ్మా" అని అడిగే ఒక మనిషి జీతం కోసం. ఇలాంటి వాటికి చందా అడిగితే ఎవరికీ కన్నీళ్లు రావు, అందుకే పుట్టడం కష్టం.

ఇక నడక సంగతి. కిలోమీటరుకు ఇంతని ముందే రాసిచ్చినవాళ్లలో మా బడి టీచర్లు, ఎనుమాముల మార్కెట్ అడ్తిదారులు, మీ నాన్న స్నేహితులు ఉన్నారు. ఆత్మకూరు దాటేదాకా హాయిగానే సాగింది. మల్లంపల్లి దగ్గర మడమ బొబ్బ పగిలి టీకొట్టు బల్ల మీద కూలబడ్డాను. మేడారం పోయే తోవ కదా, అక్కడ నడిచేవాళ్లంటే మొక్కు ఉన్నవాళ్లే. ఆ కొట్టు ఆమె నా కాళ్లు చూసి, "ఏం మొక్కు మొక్కినవ్ అక్కా, బూట్లేసుకొని నడుస్తున్నవ్?" అని నిలదీసింది. మొక్కు కాదు, క్యాన్సర్ పిల్లల దారిఖర్చులకు చందా అని చెప్పాను. కొంగుముడి విప్పి ఇరవై రూపాయలు తీసింది. దారిలో నగదు తీసుకోకూడదని మేము పెట్టుకున్న నియమం చెబితే, "నీ లెక్కలు నాకెందుకు" అని చేతిలో కుక్కి, టీ డబ్బులు మాత్రం ఖచ్చితంగా తీసుకుంది. ఆ ఇరవైకి రసీదు రాసిచ్చాకే లేచాను.

నీ జబ్బు తగ్గినందుకు కృతజ్ఞతగా నడుస్తున్నానని ఊళ్లో అనుకుంటారు, అననీ. నీ ప్రాణానికి బదులుగా ఎవరికో ఏదో బాకీ తీరుస్తున్నానని నువ్వు మాత్రం అనుకోకు, నువ్వు కూడా తీర్చాలని అసలే అనుకోకు. ఆ వార్డులో రాత్రి రెండు గంటలకు స్టెరాయిడ్ ఆకలితో నువ్వు సర్వపిండి కావాలని ఏడిస్తే, పక్క మంచం ఆమె నిద్రలేచి తన డబ్బాలోని రొట్టె సగం తుంచి ఇచ్చింది. ఆ తర్వాత కొన్ని నెలలకు వాళ్లు రావడం మానేశారు. పిల్లవాడు ఏమయ్యాడో కనుక్కొనే మనిషి అప్పుడు అక్కడ లేడు.

సంక్రాంతి తర్వాత కాజీపేట నుంచి రెడ్‌హిల్స్ దాకా సైకిలు మీద వెళ్లాలనుకుంటున్నాం. జనగామలో ఒక రాత్రి, భువనగిరిలో ఒక రాత్రి ఆగుతాం. మీ నాన్న బండి మీద వెనకే వస్తానంటున్నారు, ఆయన నడుము సంగతి నీకు తెలుసు కనుక నువ్వే ఒకమాట చెప్పు. పండుగకు వచ్చేటప్పుడు ఈ ఏటి గుండె పరీక్ష, ఆ ఎకో రిపోర్టు మర్చిపోకుండా తీసుకురా. అప్పట్లో కీమోలో ఎక్కించిన ఎర్రమందు ప్రభావం గుండె మీద ఏళ్ల తర్వాత కూడా కనిపించవచ్చని డాక్టరు గారు చెప్పింది నువ్వు మరిచినా నేను మరవలేదు. పోయినసారిలా "బాగానే ఉందట" అంటే ఒప్పుకోను, కాగితం చూపించాలి.

ఇట్లు,
మీ అమ్మ