రిజిస్టర్‌లో ఉన్న డాక్టర్లు వేరు, బుధవారం రాత్రి దొరికే డాక్టర్లు వేరు

ఎడిటర్ గారికి నమస్కారం.

దేశంలో ప్రతి 836 మందికి ఒక డాక్టర్ ఉన్నారని, వెయ్యి మందికి ఒకరు ఉంటే చాలన్న లెక్కను మనం ఎప్పుడో దాటేశామని ఈమధ్య మీ పేపర్‌లో చదివాను. ప్రభుత్వం 2024లో పార్లమెంటుకు చెప్పిన లెక్కే అది, అందులో మీ తప్పేమీ లేదు. కానీ ఏజెన్సీని ఆనుకుని ఉన్న మండలంలో ఆరోగ్య శాఖలో 31 ఏళ్లు పనిచేసి, చివరి పన్నెండేళ్లు పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) సూపర్‌వైజర్‌గా నెలనెలా సిబ్బంది వివరాల ఫారం నా చేత్తోనే నింపి పంపినవాణ్ణి కాబట్టి, ఆ అంకె చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు ఆ 836 ఎలా వచ్చిందో చూడండి. మెడికల్ కౌన్సిళ్లలో పేరు నమోదైన అల్లోపతి డాక్టర్లు 13,86,136 మంది. వీళ్లలో 80 శాతం మంది అందుబాటులో ఉంటారని అనుకున్నారు. అనుకున్నారు, అంతే, ఊరూరా తిరిగి తేల్చిన సంగతి కాదు. దానికి 5.65 లక్షల ఆయుష్ డాక్టర్లను కలిపారు. ఆ మొత్తంతో 140 కోట్ల జనాభాను భాగిస్తే 836 వస్తుంది. ఆయుర్వేదం, హోమియో డాక్టర్లంటే నాకు గౌరవమే, కానీ కడుపులో బిడ్డ అడ్డం తిరిగినప్పుడు వాళ్లు మాత్రం ఏం చేయగలరు? వాళ్లను పక్కన పెట్టి మీరే కాలిక్యులేటర్ తీసి చూడండి, దాదాపు 1260 మందికి ఒకరు తేలతారు. అదే డేటా, ఎవరిని కలుపుతాం ఎవరిని తీసేస్తాం అన్నదాన్నిబట్టి పాసవుతాం, లేదంటే ఫెయిలవుతాం. పైగా ఆ 140 కోట్లు కూడా అంచనాయే, 2011 తర్వాత జనాభా లెక్కలే పూర్తి కాలేదు కదా.

ఇక రిజిస్టర్ సంగతి. అందులో పేరు ఎక్కించుకోవడానికి అందరూ వెళ్తారు, ఎందుకంటే అది లేకపోతే ప్రాక్టీస్ లేదు. తీయించుకోవడానికి ఎవరు వెళ్తారు? అమెరికాలో, ఇంగ్లండ్‌లో స్థిరపడినవాళ్లు, ప్రాక్టీస్ మానేసి వ్యాపారాల్లోకి దిగినవాళ్లు, ఆఖరికి కాలం చేసినవాళ్ల పేర్లు కూడా ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. మా మేనకోడలు ఇక్కడే నర్సింగ్ చదివి, కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుని, ఇప్పుడు దుబాయ్‌లో ఉద్యోగం చేసుకుంటోంది, బాగుంది, సంతోషం. ఆ పిల్ల పేరు మాత్రం ఇక్కడి రిజిస్టర్‌లోనే ఉంది. 2024 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ డాక్టర్లకు కొత్తగా జాతీయ రిజిస్టర్ మొదలుపెట్టింది, అది సరిగ్గా సాగితే ఈ పాత పేర్ల గోల కొంతైనా తగ్గుతుందని నా ఆశ.

కాగితం మీదున్నవాళ్లకీ నిజంగా పనిలో ఉన్నవాళ్లకీ తేడా ఎంతో 2021లో కొందరు పరిశోధకులు లెక్క తీశారు. రిజిస్టర్ల ప్రకారం ప్రతి 10,000 జనాభాకు డాక్టర్లు 8.8, నర్సులు 17.7 మంది. ప్రభుత్వమే ఇంటింటికీ తిరిగి చేసిన 2017-18 ఉపాధి సర్వేలో "నేను ఈ పనే చేస్తున్నాను" అని చెప్పినవాళ్లు 6.1, 10.6. వాళ్లలో ఆ పనికి తగ్గ చదువున్నవాళ్లను మాత్రమే తీసుకుంటే 5, 6. నర్సుల వరస చూడండి, 17.7 నుంచి 6కు దిగిపోయింది! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో డాక్టర్లు, నర్సులు, మంత్రసానులు కలిపి 10,000 మందికి దాదాపు 23 మంది ఉండాలంది, 2016లో దాన్ని 44.5కు పెంచింది. రిజిస్టర్ లెక్కతో పాత గీత దాటేస్తాం. పనిలో ఉన్న, చదువున్న మనుషుల లెక్కతో కొత్త గీతలో నాలుగో వంతు దగ్గర ఆగిపోతాం. ఇదంతా ఒకే దేశం గురించి సార్.

సరే, దేశం సంగతి అటుంచి నేను చూసింది చెబుతాను. మా దగ్గర్లోని సీహెచ్‌సీలో, అంటే పీహెచ్‌సీకి పైమెట్టు అయిన సామాజిక ఆరోగ్య కేంద్రంలో, మత్తు డాక్టర్ పోస్టు ఒకటి ఉండేది, నిండే ఉండేది. అదే డాక్టర్ గారు నలభై కిలోమీటర్ల అవతల ఉన్న ఇంకో ఆసుపత్రికి కూడా ఇన్‌చార్జి. మంగళ, శుక్రవారాలు ఇక్కడ, మిగతా రోజులు అక్కడ. ఒక బుధవారం రాత్రి తొమ్మిది దాటాక కొండ మీది గూడెం నుంచి ఒక అమ్మాయిని డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చి, అక్కణ్ణుంచి ఆటోలో తెచ్చారు. తొలి కాన్పు, నొప్పులు మొదలై అప్పటికే పద్నాలుగు గంటలు. గైనిక్ డాక్టర్ గారు ఉన్నారు, చూశారు, ఆపరేషన్ తప్పదన్నారు, కానీ మత్తు ఇచ్చేవాళ్లు లేరు. 108లో జిల్లా ఆసుపత్రికి పంపించాం. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. ఆ అమ్మాయి అత్త నా చెయ్యి పట్టుకుని "డాట్రు గారు ఉన్నారని చెప్పారు కదయ్యా" అని అడిగింది. ఉన్నారమ్మా, అబద్ధం కాదు, కాకపోతే ఆ రోజు బుధవారం.

ఆ నెల సిబ్బంది ఫారంలో "మత్తు డాక్టర్: మంజూరు 1, భర్తీ 1, ఖాళీ 0" అని వెళ్లింది. రెండో ఆసుపత్రి ఫారంలోనూ ఆయన్నే భర్తీ అయినట్టు చూపించారని తర్వాత తెలిసింది. ఒక్క మనిషి రెండు చోట్ల రెండు అంకెలయ్యాడు. ఆ డాక్టర్ గారిని నేనేమీ అనను, ఆయన అలా బస్సుల్లో తిరిగి తిరిగి నడుం నొప్పి తెచ్చుకున్న మనిషి. తప్పు ఆ ఫారంది. అందులో "వారానికి ఎన్ని రోజులు, ఏ వేళల్లో" అన్న గడే లేదు. డిప్యుటేషన్ గడి కూడా లేదు. మా పీహెచ్‌సీలో ఇద్దరు డాక్టర్లలో ఒకరు ఏడాదిన్నర పాటు పట్నంలో డిప్యుటేషన్ మీద ఉన్నారు, జీతం మా దగ్గరే డ్రా అయ్యేది కాబట్టి ఫారంలో ఇద్దరూ ఇక్కడే ఉన్నట్టు. నేనే రాసి సంతకం చేశాను. అది ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

దేశం మొత్తం మీద కూడా సీహెచ్‌సీల పరిస్థితి ఏమంత బాగాలేదు. కేంద్రం వేసిన 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల్లో, సీహెచ్‌సీలకు అవసరమైన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం మంది లేరని ఉంది. 836 మందికి ఒకరని మురిసిపోయే దేశంలోనే ఇదీ ఉంది.

ఎక్కడెక్కడ ఉన్నారన్న లెక్క సరిగ్గా తీయడం మనకు చేతకాక కాదు. 2001 జనాభా లెక్కల్లో ప్రతి మనిషి వృత్తి, చదువు రాసుకున్నారు. ఆ వివరాలు తీసుకుని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో జిల్లాలవారీగా ఒక నివేదిక వేసింది. అల్లోపతి డాక్టర్నని చెప్పుకున్నవాళ్లలో 57 శాతానికి వైద్య విద్యార్హతే లేదని అందులో తేలింది, పల్లెల్లో అయితే అర్హత ఉన్నవాళ్లు వందకు 19 మంది కూడా లేరు. మన ఊళ్లలో ఆర్‌ఎంపీలను చూసినవాళ్లెవరికీ ఇది వింతగా ఉండదు. అప్పటి జనాభాలో పట్టణాల వాటా 28 శాతమే, ఆరోగ్య సిబ్బందిలో మాత్రం 59 శాతం అక్కడే. పాతికేళ్ల నాటి లెక్క ఇది. కొత్తది మన చేతిలో లేదు కాబట్టే ఇంకా దీన్నే చెప్పుకోవాల్సి వస్తోంది.

2027 జనాభా లెక్కల్లో ఈ అవకాశం మళ్లీ వస్తోంది. వృత్తి, చదువు, ఊరు, ఆడా మగా, ఈ నాలుగూ కలిపి ఆరోగ్య సిబ్బంది పట్టికను కనీసం జిల్లా స్థాయిలో, కుదిరితే మండల స్థాయిలో, పదేళ్లు ఆగకుండా బయటపెట్టమని కేంద్రాన్ని ఇప్పటినుంచే అడగాలి. ఏజెన్సీలో ఇంకో చిక్కు కూడా ఉంది. మైదానంలో 30,000 మందికి, కొండల్లో 20,000 మందికి ఒక పీహెచ్‌సీ ఉండాలని రూలు. కొండల్లో ఆ 20,000 మంది పదుల కొద్దీ గూడేల్లో చెల్లాచెదురుగా ఉంటారు, మధ్యలో వాగులు. అక్కడ ఇంతమందికి ఒకరు అన్న లెక్క సరిపోదు, ఎన్ని గంటల్లో చేరగలరు అన్నది కూడా రాయాలి. ఇక ఆశా కార్యకర్తలు, వెయ్యి జనాభాకు ఒకరు, అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది వాళ్లే, డాక్టర్లు-నర్సుల లెక్కలో వాళ్లెక్కడా కనపడరు. కనీసం పక్కన వేరే వరసలోనైనా చూపించండి.

మీ పత్రికకూ ఒక విన్నపం. జిల్లా పేజీల్లో వారానికి ఒక పీహెచ్‌సీ చొప్పున తీసుకుని, ఏదైనా మామూలు రోజు పదకొండు గంటలకు విలేకరిని పంపించి, డాక్టర్, నర్సు, ఏఎన్ఎం, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు ఎవరు కుర్చీలో ఉన్నారు, లేనివాళ్లు సెలవా, డిప్యుటేషనా, ఖాళీయా అన్నది ఎవరి పేర్లూ లేకుండా చిన్న పట్టికగా వేయండి. ఆ పట్టికలో ఏ గడులు ఉండాలో నేను గీసి పంపుతాను. పాత ఫారంలో ఏమేం లేవో నాకు బాగా తెలుసు.

ఇట్లు,
ఆరోగ్య శాఖ విశ్రాంత సూపర్‌వైజర్