మంత్రి గారూ, పని కొలతలు రాసే ఎం-బుక్కు జనం ముందు పెట్టించండి

తెలంగాణ నీటిపారుదల శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. టెండర్లలో అవినీతి అనగానే మన దగ్గర మాటలన్నీ పని ఎవరికి దక్కింది, అంచనా కంటే ఎంత లెస్‌కి వేశారు అన్న దగ్గరే ఆగిపోతాయి. అగ్రిమెంటు అయ్యాక జరిగేది ఎవరూ పట్టించుకోరు. డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే అని నా గట్టి నమ్మకం, అందుకే ఈ ఉత్తరం.

ఒకప్పుడు కాంట్రాక్టర్లు ఆఫీసు ముందు మనుషుల్ని నిలబెట్టి, పోటీకొచ్చే వాళ్లను టెండరు బాక్సు దాకా రానిచ్చేవాళ్లు కాదు. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో ఈ-ప్రొక్యూర్‌మెంట్, అంటే ఆన్‌లైన్ టెండర్లు వచ్చాక ఆ దౌర్జన్యం చాలావరకు పోయింది, ఆ ఘనత మనదే. కానీ కాంట్రాక్టర్లు రింగవడానికి, అంటే పని ఎవరికో ఎంతకో ముందే మాట్లాడుకోవడానికి ఇప్పుడు ఎవరూ ఎక్కడా నిలబడక్కర్లేదు, ఫోన్లు చాలు. ఆ తర్వాత ఎస్టిమేటు ఎన్నిసార్లు పెంచారు, ఏ అదనపు ఐటమ్స్ కలిపారు, గడువు ఎందుకు పొడిగించారు, అసలు సైటు మీద పని చేస్తున్న సబ్ కాంట్రాక్టరు ఎవరు, బిల్లు ఎప్పుడు ఎంత ఇచ్చారు, ఇవేవీ ఊళ్లో మనిషికి తెలిసే దారి లేదు.

బిల్లుకు ప్రాణం ఎం-బుక్కు, అంటే మెజర్‌మెంట్ బుక్కు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) కొలిచి రాస్తారు, పైన డీఈ (డిప్యూటీ ఇంజనీరు) ఆ కొలతలు సరిచూసి చెక్ మెజర్‌మెంట్ చేస్తారు, ఆ పైన ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) సూపర్ చెక్. ముగ్గురిదీ ఒకే శాఖ, ముగ్గురి మీదా ఉండేది అదే ఒత్తిడి. నిజాయితీగా కొలిచే ఏఈలు లేరని కాదు, ఉన్నారు, వాళ్లకు దక్కేది బదిలీ. పొయ్యని మట్టి పోసినట్టు రాసి మూడు సంతకాలు పడ్డాక కట్ట తవ్వి చూసేదెవరు? మా దగ్గర ఒక చెక్‌డ్యామ్ రెండు వానాకాలాలకే కొట్టుకుపోయింది. ఎం-బుక్కు కాపీ అడిగితే ఫైలు ఆడిట్‌కు పోయిందన్నారు, ఇప్పటికీ రాలేదు.

మేడిగడ్డ సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కాళేశ్వరం ప్రాజెక్టులో 2019లో ప్రారంభించిన బ్యారేజీ, 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. ప్రాజెక్టు మొత్తం అంచనా 81,911 కోట్ల నుంచి 1,47,427 కోట్లు దాటుతుందని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ రాసింది. తప్పెవరిదో కమిషన్లు, కోర్టులు తేల్చనివ్వండి. నా బాధ ఏంటంటే, డిజైన్ల గురించీ క్వాలిటీ గురించీ ఈ కాగితాలన్నీ కుంగాకే బయటికొచ్చాయి. పని నడుస్తున్నప్పుడే ఆన్‌లైన్‌లో ఉండి ఉంటే రిటైరైన ఇంజనీర్లు మన రాష్ట్రంలో వందల మంది ఉన్నారు, వాళ్లలో ఒక్కరైనా వేలెత్తి చూపించేవారు కదా!

ఇది చేతకాని పనేం కాదు. 2006 నుంచే ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీలు చేసి, మస్టర్లు గ్రామసభలో పైకి చదివించిన గడ్డ మనది. కూలీ పేరు, పనిచేసిన రోజులు, ముట్టిన డబ్బు అందరి ముందూ చదివారు. కూలీ పైసలకు ఉన్న ఈ లెక్క వందల కోట్ల కాలువ పనికి ఎందుకు ఉండకూడదు? ఉక్రెయిన్ లాంటి దేశం 2016లో ప్రభుత్వ కొనుగోళ్లను ప్రోజోరో అనే ఒకే వేదిక మీదికి తెచ్చింది, వేలం అయ్యాక ఎవరెంతకు వేశారో, కాంట్రాక్టులో ఏముందో ఎవరైనా చూడొచ్చు. మన సమాచార హక్కు చట్టమైతే ఇంకా ముందుకెళ్లింది. సెక్షన్ 2(జె) ప్రకారం పౌరుడు పనిని తనిఖీ చేయొచ్చు, ధ్రువీకరించిన మెటీరియల్ శాంపిల్ కూడా తీసుకోవచ్చు. ఈ మాట ఎంతమంది అధికారులు ఒప్పుకుంటారో మీరే ఒకసారి కనుక్కోండి.

కాబట్టి సార్, ఒక్క జీవో ఇవ్వండి. కోటి దాటిన ప్రతి పనికీ ఎం-బుక్కు పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, అంచనా పెంచితే దానికి కారణం, సబ్ కాంట్రాక్టరు పేరు బిల్లు పాస్ కాకముందే వెబ్‌సైటులో పెట్టాలని, పెట్టకపోతే బిల్లు ఆగుతుందని. ఊళ్లో అభ్యంతరం చెప్పుకోవడానికి 15 రోజులైనా ఇవ్వండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఆ సమాచార హక్కు చట్టంలోనే సెక్షన్ 4 సమాచారాన్ని ఎవరూ అడగకుండానే బయటపెట్టమంటోంది. మేడిగడ్డ మరమ్మతుల బిల్లులతోనే మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక ఆయకట్టు రైతు